స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఏం వేయించాలి? ధర్మసాగర్ దగ్గర ఇల్లు, పడమటి ఎండ, ఇంట్లో పెద్దవాళ్లు

ధర్మసాగర్_చెల్క | ఏప్రిల్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ధర్మసాగర్ దగ్గర మా నాన్న చెల్కలో ఇల్లు కట్టుకుంటున్నాం. ఇంటి వెనక పడమటి వైపు పిల్లల కోసం 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించాం. లోపల వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ అయిపోయాయి. ఇప్పుడు పూల్ చుట్టూ నడిచే జాగా దగ్గర పని ఆగింది. నాలుగు దిక్కులా ఆరేసి అడుగులు వదిలాం, లెక్కకు 576 చదరపు అడుగులు.

పోర్టికోలో వేసిన నల్ల గ్రానైటే పాలిష్‌తో ఇక్కడా వేద్దాం, అద్దంలా ఉంటుంది అని కాంట్రాక్టర్ అంటున్నాడు. మా ఆవిడకు చెక్కలా కనిపించే డబ్ల్యూపీసీ పలకలు నచ్చాయి. బావమరిది స్టాంప్డ్ కాంక్రీట్ అంటాడు. నాన్నదేమో ఒకటే మాట: "తాండూరు బండలు వేయించు బిడ్డా, పాత ఇంటి వాకిట్లో నలభై ఏళ్ల నుంచి ఉన్నయి, ఏమన్నా అయినయా?"

ఇంట్లో డెబ్బై దాటిన అమ్మానాన్న, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప ఉన్నారు. చూడ్డానికి బాగుండాలి, పదిహేనేళ్లు మళ్లీ ముట్టుకునే పని ఉండకూడదు. తప్పు చేస్తే పగలగొట్టి తీయాలి, అదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నయీంనగర్_అమ్మ | ఏప్రిల్ 19, రాత్రి 10:15

తమ్ముడూ, పాలిష్ గ్రానైట్ మాత్రం వద్దు. మా ఆడపడుచు వాళ్లింట్లో సరిగ్గా నువ్వు చెప్పినట్టే వేయించారు. గృహప్రవేశం అయిన రెండో నెలలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పిల్లలు పూల్‌లో ఆడుతున్నారు, నీళ్లు బయటికి చిమ్ముతున్నాయి. మా అత్తమ్మ ప్రసాదం గిన్నె పట్టుకొని అటు నడిచింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఆ తర్వాత ఆరు నెలలు వాకర్. ఇప్పుడు నడుస్తుంది గానీ బాత్‌రూమ్‌లోకి వెళ్లాలన్నా గోడ పట్టుకుంటుంది.

నాకు అప్పుడు అర్థమైన సంగతి ఒకటి చెప్తాను. నల్ల పాలిష్ రాయి మీద తడి కనపడదు. రాయి మెరుపులో నీటి మెరుపు కలిసిపోతుంది. గరుకు రాయి తడిస్తే రంగు మారుతుంది, మనిషి చూసి జాగ్రత్తగా అడుగేస్తాడు. అద్దంలా ఉండటం పోర్టికోలో అందం. పూల్ పక్కన అదే ప్రమాదం.

కరీంనగర్_కటింగ్ | ఏప్రిల్ 20, ఉదయం 7:05

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను కరీంనగర్‌లో గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. మా ప్రాంతపు టాన్ బ్రౌన్ రకం గ్రానైట్ బ్లాకులు కాకినాడ పోర్టుకు వెళ్లి అక్కణ్నుంచి బయటి దేశాలకు పోతాయి. గ్రానైట్ మీద నాకు ప్రేమ ఎక్కువే, అందుకే ఈ మాట. తప్పు గ్రానైట్‌ది కాదు, పాలిష్‌ది. షాపుకు వెళ్తే రాయి పేరు తర్వాత అడగండి, ముందు ఫినిష్ ఏదో అడగండి.

ఒకే పలకను నాలుగు రకాలుగా చేయొచ్చు. పాలిష్ గురించి అక్క చెప్పేసింది. లెదర్ ఫినిష్ చేతికి బాగుంటుంది, కిచెన్ గట్టుకు సరే, తడి కాళ్లకు నాకు నమ్మకం లేదు. బుష్ హ్యామర్ అంటే మిషన్ సుత్తితో రాయి ముఖం నిండా చిన్న చిన్న దెబ్బలు కొట్టడం. పట్టు బాగుంటుంది, కానీ మోకాళ్ల మీద పడ్డ పిల్లల చర్మం గీరుకుపోతుంది. పూల్ దగ్గర నేను చెప్పేది ఫ్లేమ్డ్ ఫినిష్. గ్యాస్ మంటను రాయి ముఖం మీద తిప్పుతాం. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ వేడికి ఉబ్బి పైపొరను చిన్న పెచ్చులుగా ఊడగొడుతుంది. గరుకు వస్తుంది, మొనలు మాత్రం తేలవు. ఆ పైన బ్రష్ కూడా కొట్టిస్తే కాలికి ఇంకా మెత్తగా తగులుతుంది.

మందం విషయంలో రాజీ పడొద్దు. పల్చటి పలకకు మంట పెడితే పగులుతుంది, పగలకపోయినా లోపల బలహీనపడుతుంది. 20 మిల్లీమీటర్లకు తక్కువ తీసుకోకండి, పూల్ అంచుకు 30 ఇంకా మంచిది.

ఇక రంగు. మా టాన్ బ్రౌన్ ఎంత అందమైనదైనా ముదురు రంగు. మీ పూల్ పడమటి వైపు అన్నారు కదా, దానికి లేత బూడిద రంగు చూడండి.

పరకాల_టైల్స్ | ఏప్రిల్ 20, ఉదయం 10:30

నాది టైల్స్ షాపు, కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి. ఇప్పుడు బయటి నేలకు 20 మిల్లీమీటర్ల మందం పోర్సెలిన్ టైల్స్ వస్తున్నాయి. నీటిని పీల్చుకునేది అర శాతం కూడా ఉండదు. క్లోరిన్ పడినా, యాసిడ్ చుక్క పడినా, నూనె పడినా మరక పట్టదు. రాయి రంగుల్లో, చెక్క రంగుల్లో దొరుకుతాయి, వదినకు కావలసిన చెక్క అందం ఇందులోనే వస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సిన విషయం ఒకటుంది. డబ్బా మీద ఆర్9, ఆర్10, ఆర్11 అని రాసి ఉంటుంది. ఆ పరీక్షలో నూనె పోసిన వాలు బల్ల మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తారు. ఎంత వాలు దాకా జారకుండా నిలిచాడో చూసి అంకె ఇస్తారు. ఆర్11 అంటే 19 నుంచి 27 డిగ్రీల వాలు. అది ఫ్యాక్టరీలకు, హోటల్ వంటగదులకు పనికొచ్చే కొలత. పూల్ దగ్గర ఎవరూ బూట్లతో నడవరు. ఒట్టి కాళ్లకు జర్మన్ వాళ్ల పరీక్ష వేరే ఉంది. సబ్బు నీళ్లు పోసిన వాలు మీద చెప్పుల్లేకుండా నడిపిస్తారు. 12 డిగ్రీలు దాటితే ఏ, 18 దాటితే బి, 24 దాటితే సి. పూల్ చుట్టూ నడిచే జాగాకు కనీసం బి ఉండాలి. నీళ్లలోకి దిగే మెట్లకు సి. ఆర్11 అని చూపించి అమ్మేస్తే సరిపోదు, "ఒట్టి కాళ్ల క్లాస్ ఏది?" అని అడగండి. జవాబు చెప్పలేని షాపులో కొనకండి, అది నా షాపయినా సరే.

కరీంనగర్_కటింగ్ | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:10

పరకాల అన్న నిజాయితీగా చెప్పాడు. ఒక్క మాట కలుపుతాను. టైల్ అంచు దెబ్బ తింటే లోపలి మట్టి రంగు బయటపడుతుంది, ఆ టైల్ మార్చాల్సిందే. ఐదేళ్ల తర్వాత అదే డిజైన్, అదే షేడ్ దొరకడం కష్టం. రాయి అంచు విరిగితే లోపలా అదే రాయి, మేస్త్రీ అరగదీసి సరిచేస్తాడు.

పరకాల_టైల్స్ | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:45

ఒప్పుకుంటాను. అందుకే నేను టైల్స్ అమ్మిన ప్రతి ఒక్కరికీ అదే బ్యాచ్‌లో ఐదారు డబ్బాలు ఎక్కువ కొని స్టోర్ రూమ్‌లో పెట్టుకోమంటాను. పెట్టుకున్నవాళ్లు తర్వాత వచ్చి థ్యాంక్స్ చెప్పారు.

నర్సంపేట_తోట | ఏప్రిల్ 20, రాత్రి 8:50

మాకు నర్సంపేట వైపు మామిడి తోటలో నాలుగు గదుల ఫామ్‌హౌస్ ఉంది, అద్దెకు ఇస్తాం. ఆరేళ్లుగా పూల్ నడుపుతున్నాం. మీరు రాసిన వాటిలో రెండు నేను వేయించి చూసినవే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మొదట తాండూరు బండలు వేశాం. మీ నాన్నగారి మాట తీసిపారేయలేం. మన ప్రాంతంలో సగం వాకిళ్లు ఆ బండల మీదే నడిచాయి. పాలిష్ చేయని ముఖం కాలికి మంచి పట్టు ఇస్తుంది, పసుపు రంగుదైతే ఎండకు మరీ ఎక్కువ కాలదు. కానీ అది సున్నపురాయి. పూల్ నీళ్ల పీహెచ్ పెరిగితే తగ్గించడానికి మనం వాడేది యాసిడ్. మా వాచ్‌మన్ ఒకసారి యాసిడ్ క్యాన్ బండ మీద పెట్టాడు. అడుగున కారిన నాలుగు చుక్కలకు బండ బుసబుసా పొంగింది, తెల్లటి గుండ్రటి మచ్చ పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వాకిట్లో నలభై ఏళ్లు ఉండటానికి కారణం అక్కడ యాసిడ్ పడకపోవడమే.

ఇంకోటి, మేము క్లోరిన్ కోసం ఉప్పు నీటి సిస్టమ్ పెట్టుకున్నాం. పిల్లలు తడి ఒంటితో బయటికి వస్తే ఆ ఉప్పు నీరు బండలోకి ఇంకుతుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు లోపల గడ్డకట్టి పొరను పైకి తోస్తుంది. మూడో ఏట నుంచి పూల్ అంచు బండలు అప్పడాల్లా పొరలు లేచాయి. సాండ్‌స్టోన్ వేయించిన మా స్నేహితుడికీ ఇదే జరిగింది. ఉప్పు సిస్టమ్ పెట్టుకునేవాళ్లు నీరు పీల్చే రాయి వైపు పోవద్దు.

తర్వాత ఒక పక్క డబ్ల్యూపీసీ వేశాం. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. అది చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేం, ముదురు గోధుమ రంగుదైతే మరీను. వేడికి పొడవు సాగుతుంది, పలకల మధ్య సందు సరిగా వదలకపోతే విల్లులా లేస్తుంది. మాది రెండేళ్లకే రంగు వెలిసింది. చెల్లికి బాగా ఇష్టమైతే నీడ పడే సిట్‌అవుట్‌లో వేయించండి, అక్కడ బాగుంటుంది.

ధర్మసాగర్_చెల్క | ఏప్రిల్ 20, రాత్రి 9:30

అన్నా, యాసిడ్ సంగతి నాకు తట్టనే లేదు. నాన్నకు చదివి వినిపించాను. "అట్లనా" అని ఊరుకున్నాడు, మనసు చిన్నబుచ్చుకున్నాడు. స్టాంప్డ్ కాంక్రీట్ గురించి ఎవరైనా చెప్తారా?

కాజీపేట_సివిల్ | ఏప్రిల్ 21, ఉదయం 6:40

స్టాంప్డ్ కాంక్రీట్ చేసే మనుషుల చేతిని బట్టి ఉంటుంది. కాంక్రీట్ తడిగా ఉండగానే రబ్బరు అచ్చులు వేసి రాయి డిజైన్ కొడతారు, మన ఎండకు అది త్వరగా గట్టిపడుతుంది. ఒక మూల అచ్చు బాగా పడుతుంది, ఇంకో మూల పడదు. పైన మెరుపు కోసం సీలర్ కొడతారు. ఆ సీలర్ పొర తడిస్తే పాలిష్ గ్రానైట్‌కు తమ్ముడే. పైగా రెండు మూడేళ్లకోసారి మళ్లీ కొట్టించాలి. పగులు వస్తే అతుకు రంగు కలవదు.

డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు నేను మామూలు కాంక్రీటే చెప్తాను. నాలుగు అంగుళాల మందం, ఆరకముందే చీపురుతో అడ్డంగా గీతలు. ఎనిమిది నుంచి పది అడుగులకోసారి అంగుళం లోతు కట్టింగ్, అదీ మరుసటి రోజు లోపే. వారం పది రోజులు గోనె సంచులు కప్పి నీళ్లు పట్టాలి. అందం తక్కువ, నమ్మకం ఎక్కువ.

కానీ మీరందరూ పైన వేసే దాని గురించే మాట్లాడుతున్నారు. తమ్ముడూ, కింద నేల ఏంటి? చెల్క అన్నావు, మొత్తం ఎర్ర నేలేనా?

ధర్మసాగర్_చెల్క | ఏప్రిల్ 21, ఉదయం 8:15

చాలా వరకు ఎర్ర చెల్కే సార్. నైరుతి మూల మాత్రం పాత కుంట వైపు వాలుగా ఉంటుంది, అక్కడ నల్లమట్టి. ఎండాకాలం అరచెయ్యి పట్టేంత నెర్రెలు పడతాయి.

కాజీపేట_సివిల్ | ఏప్రిల్ 21, ఉదయం 8:40

అదే నేను భయపడింది. ఆ మూల సంగతి తేలేదాకా రాయి కొనొద్దు.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద నువ్వు ఎంత ఖరీదైన గ్రానైట్ వేసినా మొదటి వానాకాలానికే లేస్తుంది. పూల్ పక్కన అయితే ఇంకా చిక్కు. ఆ మట్టికి ఏడాది పొడవునా చిమ్మిన నీళ్లు అందుతుంటాయి, ఒక పక్క తడి, ఒక పక్క పొడి. బండలు ఒక దిక్కే వంగుతాయి.

ఆ మూల రెండు మూడు అడుగుల లోతు నల్లమట్టి తీసెయ్. మొరం పోయించు. ఒకేసారి పోసి పైన తొక్కిస్తే లాభం లేదు. ఆరేసి అంగుళాల పొర, నీళ్లు చల్లాలి, రోలర్ తిప్పాలి, ఆ తర్వాతే పై పొర. ఇదే వరుస పైదాకా.

మన ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది, ఒంటి రాతి ఊరు మనది. అయినా కాకతీయులు రామప్ప గుడి కట్టినప్పుడు పునాదిలో ఇసుక నింపి, దాని మీద బరువు నిలిపారు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కింద ఏముందో ముందు చూసుకున్న పని అది. సైట్‌కు వచ్చే ప్రతి కుర్ర ఇంజినీర్‌కు నేను ఈ మాట చెప్తాను.

మంచిర్యాల_మేస్త్రి | ఏప్రిల్ 21, రాత్రి 9:20

ఇరవై ఏళ్లుగా బండలు పరుస్తున్నాను. సార్ చెప్పిన దాని మీద వేసే పని నేను చెప్తాను.

మొదటిది వాటం. నీళ్లు పూల్ వైపు రాకుండా బయటికి పోవాలి. గరుకు బండ మీద నీరు నెమ్మదిగా కదులుతుంది, అందుకే పాలిష్ బండకు ఇచ్చే వాటం చాలదు. పది అడుగులకు రెండు అంగుళాల పైన ఇస్తాను నేను. మీకు ఆరడుగులే కాబట్టి అంగుళంన్నర సరిపోతుంది. చివర జాలీ కాలువ పెట్టండి. కాలువ చిన్నగా పెట్టి మురిసిపోవద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మన జిల్లాలన్నీ చూసినం.

రెండోది, ఎక్కువ మంది ఎగ్గొట్టే పని. పూల్ గోడ వేరు, చుట్టూ బండల కింద వేసే కాంక్రీట్ బెడ్డు వేరు. రెండూ ఒకటిగా కదలవు. అంచు రాయికీ, దాని పక్క బండకూ మధ్య అర అంగుళం సందు నాలుగు దిక్కులా వదలాలి. ఆ సందులో సిమెంట్ నింపొద్దు. నురగ తాడు పెట్టి పైన పాలీసల్ఫైడ్ సీలెంట్ నింపాలి, అది రబ్బరులా సాగుతుంది. సిమెంట్ నింపిన చోట ఎండకు బెడ్డు సాగి అంచు రాయిని పూల్‌లోకి తోస్తుంది. లోపలి టైల్స్ కూడా ఊడతాయి. ఒక ఇంట్లో నేనే వెళ్లి మొత్తం తీసి మళ్లీ వేశాను.

మూడోది, బండ కింద డొల్ల ఉండొద్దు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు మాలు పెట్టి బండ అతికించే వాళ్లున్నారు. కింద నీరు చేరుతుంది, చివరికి బండ మధ్యలో విరుగుతుంది. వెనక నిండా అడ్హెసివ్ పట్టించి కూర్చోబెట్టాలి. లేత గ్రానైట్‌ను తడి సిమెంట్ మాలులో వేస్తే కింది తేమ పైకి లాగి అంచుల్లో నల్లటి తడి మచ్చలు వస్తాయి, నెలలు గడిచినా పోవు. అందుకే వెనక వైపు కోటింగ్ కొట్టి వేస్తాను.

సిద్దిపేట_కరెంట్ | ఏప్రిల్ 22, ఉదయం 7:30

బెడ్డు పోయకముందే పైపులు వేయించండి అన్నా, తర్వాత బండలు కోయాల్సి వస్తుంది. నీళ్లలోపలి లైట్లు ట్రాన్స్‌ఫార్మర్‌తో 12 వోల్టులే ఉండాలి. పంపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, తప్పనిసరి. బెడ్డులో వేసే ఇనుప జాలీ, నిచ్చెన, రెయిలింగ్ అన్నీ ఒకే ఎర్తింగ్ తీగతో కలిపించండి.

నయీంనగర్_అమ్మ | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 3:10

తమ్ముడూ, ఎంత మంది ఎన్ని చెప్పినా చివరికి నడిచేది మీ ఇంట్లోవాళ్లు. ముక్కలు తెచ్చి ఎండలో పెట్టి చూడు. మన గుళ్లలో ఎండాకాలం ప్రదక్షిణ దారిలో తెల్ల రంగు వేసి కొబ్బరి పీచు పట్టాలు పరుస్తారు. ఎందుకో ఒకసారి మధ్యాహ్నం పూట రాతి బండల మీద నడిస్తే తెలుస్తుంది. పూల్ దగ్గర కూడా చెప్పుల్లేకుండానే నడుస్తాం కదా.

ధర్మసాగర్_చెల్క | మే 4, రాత్రి 8:00

అక్క చెప్పినట్టే చేశాను. ఐదు ముక్కలు తెచ్చాను: నల్ల పాలిష్ గ్రానైట్, లేత బూడిద ఫ్లేమ్డ్ గ్రానైట్, పసుపు తాండూరు, లేత గోధుమ రంగు పోర్సెలిన్ టైల్, ముదురు డబ్ల్యూపీసీ. పొద్దున్నే డాబా మీద పెట్టి మధ్యాహ్నం రెండింటికి ఇంటిల్లిపాదీ ఎక్కాం.

నల్ల గ్రానైట్ మీద నేను మూడు లెక్కపెట్టేసరికి కాలు తీసేశాను. డబ్ల్యూపీసీ మీద ఐదు. టైల్ మీద పదిహేను దాకా నిలబడ్డాను. బూడిద గ్రానైట్ కూడా దాదాపు అంతే. తాండూరు వాటికంటే కాస్త నయం, ఇరవై లెక్కపెట్టాను. అమ్మ నాకంటే ఎక్కువసేపు నిలబడింది, పొలంలో తిరిగిన అరికాళ్లు ఆమెవి. ఏడేళ్ల పాప మాత్రం బూడిద గ్రానైట్ మీద కూడా ఎనిమిదికే దిగింది. నేను నా కాళ్లతో కొలిచి సరే అనుకునేవాణ్ని. పిల్లల అరికాళ్లు ఎంత పల్చనో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత తడి పరీక్ష. ఒట్టి నీళ్లతో అన్నీ బాగానే ఉన్నాయి, నల్ల పాలిష్ తప్ప. మా ఆవిడ ఒక మంచి మాట చెప్పింది: "పిల్లలు తలకు కొబ్బరి నూనె పెట్టుకునే దిగుతారు కదా, ఆ నీళ్లు పోసి చూడు." చేతికి నూనె రాసుకొని నీళ్లు కలిపి పోశాను. డబ్ల్యూపీసీ జారింది. టైల్ కొంచెం. ఫ్లేమ్డ్ గ్రానైట్, తాండూరు పట్టు వదల్లేదు. నాన్న తాండూరు ముక్క మీద నిలబడి నా వైపు చూశాడు.

పరకాల_టైల్స్ | మే 4, రాత్రి 8:40

తమ్ముడూ, ఆ టైల్ ఒట్టి కాళ్ల క్లాస్ ఏది?

ధర్మసాగర్_చెల్క | మే 4, రాత్రి 8:55

ఏ క్లాసే అన్నా. హన్మకొండలో ఒక షాపులో తెచ్చాను. డబ్బా మీద ఆర్10 ఒకటే ఉంది, ఫోన్ చేసి అడిగితే తర్వాత చూసి చెప్పారు.

పరకాల_టైల్స్ | మే 4, రాత్రి 9:05

ఏ అయితే పూల్ పక్కన వద్దు. బి, సి తెచ్చి చూస్తే నూనె నీళ్లకు కూడా నిలబడతాయి. టైల్ అంతటినీ దీన్ని బట్టి తీసేయొద్దని మాత్రం కోరుకుంటున్నాను.

నర్సంపేట_తోట | మే 4, రాత్రి 9:30

పాప ఎనిమిదికే దిగింది అన్నారు, దానికి మందు రాయిలో లేదు. 576 అడుగులూ ఎందుకు రాయి వేయాలి? మేము ఆఖరికి చేసింది ఇది: పూల్ అంచు నుంచి నాలుగు అడుగులు మాత్రం గట్టి నేల, ఆ తర్వాత గడ్డి. పడమటి పక్క ఒక పందిరి. నాలుగు గంటల ఎండ పడమటి నుంచే వాలుగా కొడుతుంది, నెత్తి మీద కప్పు ఉన్నా లాభం లేదు, పక్క నుంచి నీడ కావాలి. పిల్లలు దిగే పది నిమిషాల ముందు పైపుతో నీళ్లు చల్లుతాం, ఆవిరవుతూ నేల చల్లబడుతుంది.

చెట్టు పెట్టాలనుకుంటే పూల్‌కు దూరంగా పెట్టండి. మా మామిడి ఆకులు తడి బండ మీద రెండు రోజులు పడి ఉంటే గోధుమ రంగు మరక పడుతుంది. నీడ ఉన్నచోట వానాకాలం పాచి కూడా పడుతుంది. గరుకు బండ అయినా పాచి పడితే జారుతుంది. గట్టి బ్రష్‌తో వారానికోసారి రుద్దాల్సిందే, ఈ పని తప్పించే రాయి నేను చూడలేదు.

కాజీపేట_సివిల్ | మే 5, ఉదయం 6:30

గడ్డి ఆలోచన మంచిది. నల్లమట్టి మూల గడ్డిలోకి వదిలేస్తే తవ్వకం సగం తగ్గుతుంది. అక్కడ నడక కావాలంటే సిమెంట్ పేవర్ బ్లాకులు స్టోన్ డస్ట్ మీద పరిపించు. నేల కదిలితే అవీ కదులుతాయి, తీసి సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. కాకపోతే గడ్డికి పెట్టే నీళ్లు పూల్ గోడ వైపు రానివ్వకు, మధ్యలో కాలువ ఉండాలి.

ధర్మసాగర్_చెల్క | మే 11, రాత్రి 9:10

ఇంట్లో కూర్చొని తేల్చుకున్నాం.

పూల్ అంచుకు 30 మిల్లీమీటర్ల లేత బూడిద గ్రానైట్, ఫ్లేమ్డ్ పైన బ్రష్, లోపలి అంచు గుండ్రంగా. దాని చుట్టూ నాలుగు అడుగుల వరకు అదే రాయి 20 మిల్లీమీటర్లలో. టైల్ చివరిదాకా పోటీలో ఉంది, విరిగినప్పుడు సరిచేసుకునే సౌకర్యం చూసి రాయి వైపు మొగ్గాం. మిగతాది గడ్డి, నల్లమట్టి మూలలో రాయి రాని జాగాతో సహా. పడమట పందిరి, దాని మీద రాధామనోహరం తీగ. డబ్ల్యూపీసీ పైన సిట్‌అవుట్‌లో వస్తుంది, మా ఆవిడకు ఆ మాట ముందే ఇచ్చాను.

నాన్న బండలు కూడా వస్తున్నాయి. పాత ఇంటి వాకిట్లోవి తీయించి వంటింటి గుమ్మం నుంచి పందిరి దాకా నడిచే దారికి వేస్తున్నాం. అక్కడ పూల్ నీళ్లు పడవు, యాసిడ్ రాదు. యాసిడ్, బ్లీచింగ్ రెండూ పంపు గది అవతలి గోడకు వేరు వేరు అరల్లో పెట్టిస్తున్నాను. నిన్న నాన్నే దగ్గరుండి బండలు ఒక్కొక్కటీ ఎత్తించి, విరిగినవి పక్కన పెట్టించి, మంచివి లెక్కపెట్టాడు. నలభై ఆరు తేలాయి.

కరీంనగర్_కటింగ్ | మే 11, రాత్రి 9:40

చాలా సంతోషం అన్నా. పలకలన్నీ ఒకే బ్లాకువి అడగండి, లేకపోతే బూడిద రంగులోనే తేడా వస్తుంది. లారీ దిగగానే నేల మీద పొడిగా పరిచి రంగులు కలిపి చూసుకోండి, ఆ తర్వాతే మేస్త్రీకి ఇవ్వండి. సీలర్ కొట్టించాలనుకుంటే రాయిలోకి ఇంకేది తీసుకోండి. పైన పొర కట్టి మెరిసేది కొడితే మనం మంట పెట్టి తెచ్చిన గరుకంతా పోతుంది.

మంచిర్యాల_మేస్త్రి | మే 11, రాత్రి 10:05

పని అయ్యాక మేస్త్రీలు సిమెంట్ మరకలు పోవాలని యాసిడ్ వాష్ చేస్తామంటారు. లేత గ్రానైట్‌కు చేయనివ్వకండి. రాయిలో ఇనుము ఉంటే పసుపు తుప్పు రంగు పైకి వస్తుంది. మాలు పడ్డ చోట ఆరకముందే తడి స్పాంజితో తుడిపించండి, అది చాలు.

ధర్మసాగర్_చెల్క | మే 12, ఉదయం 6:50

రాసిపెట్టుకున్నాను అన్నా. మొరం రెండు టిప్పర్లు నిన్న సాయంత్రం దిగింది, బుధవారం రోలర్ వస్తుంది. మొదటి పొర తొక్కించాక నైరుతి మూల ఫొటో పెడతాను, సివిల్ సార్ ఒకసారి చూసి చెప్పండి.

కాజీపేట_సివిల్ | మే 12, ఉదయం 7:15

పెట్టు తమ్ముడూ. రోలర్ వెళ్లాక మడమతో గట్టిగా తన్ని చూడు, అచ్చు పడితే ఇంకో రెండు సార్లు తిప్పించు. ఆ తర్వాతే రెండో పొర.